టీవీలో మాట ఆగిన సాయంత్రం

డెబ్బై ఆరులో, జూన్ మొదలుకొని అక్టోబరు దాకా, మా ఊళ్ళో నన్ను చూసి పక్కకు తిరగని మొహం లేదంటే నమ్మండి. కిరాణా కొట్లో అంతే, చర్చి మెట్ల మీద అంతే, పోస్టాఫీసులో అంతే. నేనేం పాపం చేశానని? నేనేమీ చెయ్యలేదు. మా ఆయన తల ఊపాడట. అదీ నేరం.

మా ఆయన ఆర్విడ్. అమెరికా పడమటి అంచున, ఆరెగాన్ తీరంలో మా ఊరికి బతుకుతెరువంతా ఒకే ఒక్క సా మిల్లు. అందులో పెద్ద రంపం దగ్గర దుంగలు కోసేది ఆయనే. యూనియన్‌కి వరసగా మూడుసార్లు ప్రెసిడెంటయ్యాడు. ఆ మే నెలలో మేనేజరు ఆయన్ని వెంటబెట్టుకుని, రంపాలు ఆడుతుండగానే మిల్లంతా తిరుగుతూ, దుంగల యార్డు పనిని బయటి కాంట్రాక్టరుకి అప్పగిస్తున్నామని చెప్పాడట. ఆర్విడ్ తల ఊపాడట. నెల తిరిగేసరికి యార్డులో పనిచేసే పెద్దవాళ్ళందర్నీ ఇంటికి పంపేశారు. ఇదేం అన్యాయమని యూనియన్ వాళ్ళు వెళ్ళి నిలదీస్తే మేనేజరు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, మీ ప్రెసిడెంటు ఒప్పుకున్నాకే చేశాం కదా, ఆయన్నే అడగండి అన్నాడు. చూసినవాళ్ళూ ఉన్నారు. అవును, ఊపాడు, కళ్ళారా చూశామన్నారు.

అందరూ కట్టగట్టుకుని మా ఇంటిమీదికొచ్చారు. "నేను దేనికీ ఒప్పుకోలేదు," అన్నాడు ఆర్విడ్. మరి తల ఎందుకు ఊపావయ్యా అంటే పెదవి విప్పడు.

నేను మాత్రం ఊరుకున్నానా? చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. ఆ మేనేజరేమైనా ఆశ పెట్టాడా, బెదిరించాడా, నాకైనా చెప్పమన్నాను. ఆయన గొడ్డలి పట్టుకుని కట్టెల షెడ్డులోకి వెళ్ళిపోయేవాడు. మొదట్నుంచీ మాటకారి కాదు. వాళ్ళ వంశమే అంత. మా మామగారు పెళ్ళినాడు నన్ను దీవించడానికి లేచి, ఒక దగ్గు దగ్గి కూర్చున్నారు. కానీ ఈ మధ్య మరీ మొండికేశాడని, వెనకనుంచి పిలిస్తే పలకడం కూడా మానేశాడని నాకు ఒళ్ళు మండేది.

ఆగస్టులో డ్వేన్ ప్రెసిడెంటు పదవికి పోటీ దిగాడు. ముప్ఫై కూడా నిండని కుర్రాడు, నోరున్నవాడు. యార్డులోంచి గెంటేసినవాళ్ళలో వాళ్ళ నాన్న ఒకడు. తండ్రి పొద్దస్తమానం వాకిట్లో కుర్చీ వేసుకుని రోడ్డు చూస్తూ కూర్చుంటే కొడుకు కడుపు రగలదా? సరిగ్గా అప్పుడే దేశమంతా ఇంకో కబురు. అధ్యక్ష పదవికి నిలబడ్డ ఇద్దరూ టీవీలో పక్కపక్కన నిలబడి వాదించుకోబోతున్నారని. అరవైలో ఒకసారి అలా జరిగింది. ఆ తర్వాత పదహారేళ్ళు ఎవరూ ఆ ఊసెత్తలేదు. ఆర్విడ్‌ని కూడా తనతో అలాగే చర్చకి రమ్మంటూ డ్వేన్ మిల్లు గేటు ముందు లారీ ఎక్కి మరీ అన్నాడు:

"గద్దె మీదున్న అధ్యక్షుడే దిగొచ్చి, వేరుశనగ పండించుకునేవాడి పక్కన నిలబడి జవాబు చెబుతానంటున్నాడు. మన ప్రెసిడెంటుగారికేం రోగం? తల ఊపడం వచ్చినోడికి నోరు విప్పడం రాదా?"

జనమంతా గొల్లున నవ్వారట. ఆర్విడ్ ఆ సాయంత్రం ఇంటికొచ్చి, ఏమీ జరగనట్టే భోంచేసి, గిన్నె కడిగి పెట్టాడు.

మా పక్కింటి వెల్డాకైతే పండగే. బడిలో లైబ్రరీ చూసుకుంటుంది, మహిళా ఓటర్ల సంఘంలో సభ్యురాలు. ఈసారి టీవీ చర్చల్ని నడిపేది ఆ సంఘమే కాబట్టి, దేశాధ్యక్షుణ్ణి స్వయంగా తనే చెయ్యిపట్టుకు తీసుకొస్తున్నంత హడావుడి చేసింది. మా వంటింట్లో కూర్చుని కాఫీ మీద కాఫీ తాగుతూ అరవైనాటి సంగతి చెప్పింది. ఆ మొదటి చర్చ తను టీవీలో చూసిందట. వాళ్ళమ్మ పల్లెలో రేడియోలో విన్నదట. మర్నాడు ఫోన్లో తల్లీకూతుళ్ళిద్దరూ జుట్లు పట్టుకున్నంత పని చేశారు. అప్పటి పోటీదార్లిద్దరిలో ఆస్పత్రిలోంచి లేచొచ్చి, బుగ్గలు పీక్కుపోయి, చెమటలు పట్టిన మనిషి తల్లికి గెలిచినట్టు వినిపించాడు, కూతురికి ఓడినట్టు కనిపించాడు.

"మాటలదేముందే లోర్నా, జనం చూసేది మొహం," అంది. "మీ ఆయనకి నీలం చొక్కా తొడుగు. నుదుటికి కాస్త పౌడరద్దు. నిలబడితే చాలు, సగం గెలిచినట్టే."

ఆర్విడ్ నుదుటికి పౌడరు! నవ్వాపుకోలేక కప్పు కింద పెట్టేశాను. ఆ రోజుల్లో నేను మనసారా నవ్వింది అదొక్కసారే.

ఆర్విడ్ మాత్రం డ్వేన్‌తో చర్చకి రానంటే రానన్నాడు. ఎందుకూ అంటే, రాను, అంతే. అమ్ముడుపోయినవాడన్న పేరుకి పిరికివాడన్న పేరు కూడా తోడైంది. ఒక పొద్దున మా ట్రక్కు మీద ఎవరో బొమ్మకుక్కని పెట్టిపోయారు. కార్ల వెనకద్దం దగ్గర పెట్టుకునే రకం, తట్టితే తల ఊపుతూనే ఉంటుంది. ఆర్విడ్ చూడకముందే దాన్ని తీసుకెళ్ళి ఏట్లోకి విసిరేసి, దారంతా ఏడుస్తూ వచ్చాను. పెట్టినవాళ్ళ మీద కోపంతో కాదు ఆ ఏడుపు. నిజంగానే అమ్ముడుపోయాడేమోనని నా లోపలా ఒక పురుగు తొలుస్తూ ఉండేది, అందుకు.

సెప్టెంబరు నెలాఖరుకి టీవీలో మొదటి చర్చ వచ్చింది. తూర్పున ఫిలడెల్ఫియాలో వాళ్ళకి రాత్రయినా, మా తీరంలో ఇంకా భోజనాల వేళే. మా వీధిలో రంగుల టీవీ ఉన్నది మా ఇంట్లోనే. అందుకని నన్ను చూసి మొహం తిప్పుకున్నవాళ్ళు కూడా చేతుల్లో వంటకాల గిన్నెలు పట్టుకుని సిగ్గులేకుండా వచ్చారు. వెల్డా సోఫా మధ్యలో తిష్ఠ వేసింది. ఆవిడ మొగుడు క్లీట్ గోడకానుకుని నిలబడ్డాడు. మిల్లులో దుంగని రంపం మీదికి తెచ్చే బండి మీద పని అతనిది. ఇరవై ఏళ్ళుగా అతనూ ఆర్విడూ రంపానికి చెరోపక్క, ఎదురెదురుగా. ఆర్విడ్ అందరికంటే ముందు, టీవీకి దగ్గరగా తన కుర్చీలో కూర్చున్నాడు.

పన్నులు, ధరలు, ఉద్యోగాలు. ఒకాయన చెప్పడం, ఇంకొకాయన కాదనడం. మావాళ్ళు మధ్యమధ్యలో ఒకాయన టైని, ఇంకొకాయన కనుబొమల్ని కూడా వదల్లేదు. చర్చ చివరికొచ్చింది. వేరుశనగ రైతు ఏదో చెబుతున్నాడు. ఉన్నట్టుండి మాట ఆగిపోయింది. పెదాలు కదులుతున్నాయి, చప్పుడు లేదు.

వెనకాల అందరం ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం. ఏమైంది, ఏమైందని గుసగుసలు. ఆర్విడ్ కదల్లేదు. టీవీనే చూస్తూ, బాగా అర్థమైనవాడిలా నెమ్మదిగా తల ఊపుతున్నాడు. ఒకతను వంగి ఆయన భుజం మీద తట్టి, ఏమంటావు ఆర్విడ్, ఏం చెబుతున్నాడు అని నవ్వుతూ అడిగాడు.

"బాగానే చెప్పాడు," అన్నాడు ఆర్విడ్. "ఆ మాట నిజమే."

ఇల్లు ఎగిరిపోయేలా నవ్వారు. ఎన్నాళ్ళకి జోకేశాడురా ముసలాడు అనుకున్నారు. వెల్డాకైతే పొలమారింది. ఆర్విడ్ వెనక్కి తిరిగి ఒక్కో మొహమే చూశాడు. ఆ కళ్ళు దేనికోసమో వెతికాయి. ఆ తర్వాత ఆయన కూడా నవ్వాడు, అందరికంటే ఒక క్షణం ఆలస్యంగా.

నేను నవ్వలేదు. క్లీట్ కూడా నవ్వలేదు. అతను నావైపు చూసి చటుక్కున కిటికీలోంచి బయటికి చూడటం మొదలెట్టాడు.

ఒకడు లేచి టీవీ నెత్తిన రెండు తగిలించాడు. ఇంకొకడు బటన్లన్నీ తిప్పాడు. అంతలో టీవీ మనిషి గొంతొచ్చింది. లోపం మీ టీవీలో లేదు, అక్కడ హాల్లోనే మాట పోయిందని దాని సారాంశం. ఆ పెద్దమనుషులిద్దరూ దాదాపు అరగంటసేపు, తప్పుచేసి నిలబడ్డ బడిపిల్లల్లా, ఎవరి బల్ల వెనక వాళ్ళు బిగుసుకుపోయి నిలబడ్డారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు, కూర్చోలేదు. దేశమంతా వాళ్ళని చూస్తోంది. నేను మాత్రం మా ఆయన వీపునే చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు డ్యూటీ దిగి వచ్చాక ఆయన షెడ్డులో కట్టెలు కొడుతున్నాడు. నేను వెనకాలే వెళ్ళి నిలబడ్డాను.

"ఆర్విడ్, ఇల్లంటుకుంది," అన్నాను. గొడ్డలి పైకి లేచింది, దిగింది. "నేను క్లీట్‌తో లేచిపోతున్నాను," అన్నాను. కట్టె రెండు చెక్కలైంది. వాటిని పక్కన పేర్చి ఇంకోటి తీసుకున్నాడు. ఇంక నావల్ల కాలేదు. వెళ్ళి ఆయన భుజం పట్టుకుని నావైపు తిప్పుకున్నాను. నా మొహం చూడగానే ఆయనకి తెలిసిపోయింది.

"ఎన్నాళ్ళయింది?" అన్నాను.

నా పెదాలు చూసి చెప్పాడు. "బాగా పోయింది రెండేళ్ళ కిందట."

ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాల్ని బట్టి పట్టుకుంటాడట. నలుగురున్నచోట పట్టుకోలేడట. క్లీట్‌కి ఎప్పుడో తెలుసు. రంపం పక్కన ఎవరికీ చెవులతో పనిలేదు, పగలంతా చేతులతోనే మాట్లాడుకుంటారు. దుంగని ఎంత జరపాలో, ఎంత మందం కొయ్యాలో అన్నిటికీ సైగలే. మేస్త్రీని తిట్టుకోవడం, బూతు జోకులు కూడా సైగల్లోనే. అందుకే మిల్లులో ఆయనకి ఏ లోటూ తెలియలేదు. బయటికొస్తేనే.

మరి ఆ రోజు మేనేజరు ఏమన్నాడని అడిగాను.

"తెలీదు. నడుస్తూ మాట్లాడుతున్నాడు. వాన సంగతేమో అనుకున్నా. ఊపాను."

"ఆ ముక్క చెబితే పోయేదిగా. ఊరంతా నిన్ను దొంగని చేస్తుంటే..."

"చెబితే ఆ రోజే రంపం మీంచి దింపి చేతికి చీపురిస్తారు లోర్నా. అమ్ముడుపోయాడంటే కోప్పడతారు. చెవిటోడంటే జాలిపడతారు. నాకు కోపమే నయం."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. రెండేళ్ళు ఒకే మంచమ్మీద పడుకుని, వెనకనుంచి నేను చెప్పిన ఊసులన్నీ గోడకి చెప్పుకున్నానన్నమాట. ఆయన గడ్డం పట్టుకుని, ఒక్కో మాటా విడదీసి చెప్పాను.

"నీకు కోపం నయం. మరి యార్డు వాళ్ళకి ఏది నయం? నువ్వు ఒప్పుకున్నావన్న మాట మీదేగా వాళ్ళని పంపేసింది?"

ఆయన నా చెయ్యి తప్పించుకుని మళ్ళీ గొడ్డలి అందుకున్నాడు. ఆ మాట పట్టుకున్నాడని మాత్రం నాకు తెలుసు. వారం తిరిగాక ఒక సాయంత్రం భోజనం దగ్గర, చర్చకి వస్తానని డ్వేన్‌తో చెప్పేశానన్నాడు. అక్కడికెళ్ళి ఏం చేస్తావని అడిగితే, తెలీదన్నాడు.

అక్టోబరులో ఒక శనివారం మధ్యాహ్నం యూనియన్ హాల్లో పెట్టారు. నడిపే పని వెల్డాదే. టీవీలో ఎలా ఉందో అచ్చం అలాగే ఉండాలని రెండు నిలువుబల్లలు చేయించింది, చేతిలో గడియారం పట్టుకుంది. బయట వాన. లోపల తడి కోట్ల వాసన, సిగరెట్ల పొగ. మొగవాళ్ళంతా ముందు, ఆడవాళ్ళం ఎక్కువమందిమి పక్క గోడవైపు. ఆర్విడ్ నీలం చొక్కా తొడుక్కున్నాడు. పౌడరుకి మాత్రం ఒప్పుకోలేదు.

మొదట ఎవరి సంగతి వాళ్ళు చెప్పుకోమంది వెల్డా. ఆర్విడ్ బాగానే చెప్పాడు, ఇంట్లో అద్దం ముందు వల్లెవేసిందే. డ్వేన్ ఇంకా బాగా చెప్పాడు. తర్వాత ఒకరినొకరు అడుక్కోమంది. టీవీలో వాళ్ళు పక్కవాడి మొహం చూసి మాట్లాడరు, కెమెరాని చూస్తారు. డ్వేన్ అది బాగా ఒంటబట్టించుకున్నాడు. ఆర్విడ్‌వైపు కన్నెత్తి కూడా చూడకుండా, పూర్తిగా జనంవైపు తిరిగి అడిగాడు.

"మే నెలలో మేనేజరు యార్డు పని బయటోళ్ళకిస్తున్నానని చెప్పినప్పుడు, పెద్దాయనా, మీరు తల ఊపారా లేదా? కథలొద్దు. ఊపారా, లేదా?"

ఆర్విడ్‌కి కనిపిస్తున్నది ఆ కుర్రాడి చెవి, మెడ. అంతే. వెల్డా గడియారం చూసి, ఆర్విడ్, నీ వంతు అంది. ఆయన ఆవిడవైపు చూశాడు, జనంవైపు చూశాడు. వెనకాల ఎవడో కిసుక్కున నవ్వాడు. అప్పుడు ఆయన తల కొంచెం కిందికి దిగింది. అలవాటు. ఊపబోతున్నాడు. భగవంతుడా, ఇప్పుడొద్దు అని మనసులో మొక్కుకున్నాను.

తల మధ్యలో ఆగింది. ఆయన కుడిచేతి పిడికిలి బిగించి, మూడో వరసలో ఉన్న క్లీట్‌ని చూస్తూ, ఛాతీ ముందు రెండుసార్లు గుండ్రంగా తిప్పాడు. మిల్లులో పనిచేసినవాడికి దాని అర్థం వేరే చెప్పక్కర్లేదు. మళ్ళీ చెప్పు.

క్లీట్ లేచి నిలబడ్డాడు. టోపీ కుర్చీలో పెట్టి, డ్వేన్ అడిగినదంతా చేతులతో చెప్పాడు. ఆ చేతులు ఇంకా గాల్లో ఆడుతూనే ఉన్నాయి. అప్పటికే ముందు వరసల్లో సగంమందికి సంగతి అర్థమైపోయింది.

"ఊపాను," అన్నాడు ఆర్విడ్. గొంతు కాస్త పెద్దగా వచ్చింది, తన గొంతు తనకి తెలియదు కదా. "ఆయనేమన్నాడో నాకు వినపళ్ళేదు. రెండేళ్ళుగా నాకెవరి మాటా వినపట్టం లేదు. ఊపుతూ నెట్టుకొస్తున్నాను. యార్డు పని ఇచ్చెయ్యమని నేను ఒప్పుకోలేదు. ఒప్పుకోవాలంటే ముందు వినాలి కదా."

డ్వేన్ అప్పుడు తిరిగాడు ఆయనవైపు. ఎర్రగా కందిపోయి ఉంది మొహం. ఈసారి ఆయన కళ్ళలోకి చూస్తూ, నెమ్మదిగా అడిగాడు.

"మా నాన్న మీ ఇంటికొచ్చి అడిగాడు కదండీ. ఆయనకైనా ఎందుకు చెప్పలేదు?"

"సిగ్గు," అన్నాడు ఆర్విడ్.

ఆ తర్వాత ఆయన జనంవైపు తిరిగాడు. నోటితో అంటూనే చేతులతోనూ అడిగాడు. రంపాల పక్కన పదేళ్ళు దాటినవాళ్ళు మీలో చాలామందున్నారు, ఇందాక డ్వేన్ అడిగింది మీకందరికీ వినపడిందా అని. అక్కడొకటి ఇక్కడొకటి తలలు ఊగాయి. పెద్ద వయసు తలలే ఎక్కువ.

"తలలు ఊపొద్దు," అన్నాడు. "వినపడనివాళ్ళు చెయ్యెత్తండి."

ఎవరూ ఎత్తలేదు. క్లీట్ ఇంకా నిలబడే ఉన్నాడు. అతను తన చేతిని ఒకసారి చూసుకుని, పైకెత్తాడు. వేదిక మీద వెల్డా గడియారం బల్లమీద పెట్టేసింది. "క్లీట్," అని పిలిచింది, చిన్నగా. అతను అప్పటికి జనంవైపు తిరిగి ఉన్నాడు. పలకలేదు. ఇందాక డ్వేన్ అడిగింది అతను కూడా పెదాల మీదే పట్టుకున్నాడన్నమాట. ఆవిడ మొహం చూడలేక నేను తల దించుకున్నాను. మళ్ళీ ఎత్తి చూసేసరికి అతని వెనక వరసలో ఒక చెయ్యి, కిటికీ దగ్గర రెండు, తలుపు దగ్గర ఇంకొకటి. గోడవారన ఆడవాళ్ళందరూ ఎవరి మొగుడి చెయ్యి వాళ్ళు వెతుక్కుంటున్నారు.

ఎన్నికలో డ్వేన్ గెలిచాడు. ఆర్విడ్ ఓటు కూడా అతనికే. వినని సమ్మతి సమ్మతి కాదని ఆ కుర్రాడు శీతకాలమంతా మేనేజరుతో కొట్లాడితే, యార్డువాళ్ళలో కొంతమంది వెనక్కొచ్చారు. అందరూ రాలేదు. ఆర్విడ్ చెప్పినట్టే, చర్చ తర్వాత వచ్చిన సోమవారమే ఆయన్ని రంపం మీంచి దింపి చేతికి చీపురిచ్చారు. పదవీ విరమణదాకా దాన్నే పట్టుకున్నాడు. అవన్నీ తర్వాతి సంగతులు.

ఆ శనివారం హాల్లోంచి బయటపడి ట్రక్కెక్కాం. ఆయన బండి నడుపుతున్నాడు. వాన జోరుగా ఉంది, దారి మీంచి చూపు తిప్పడానికి లేదు. నాకు గుండె నిండిపోయి ఉంది, ఇంటిదాకా ఆగలేకపోయాను. వినపడదని తెలిసీ ఆయన చెంపని చూస్తూ, "ఈ రోజు నీ పెళ్ళాన్నని చెప్పుకోవడానికి నాకు గొప్పగా ఉంది," అన్నాను.

నా పెదాలు కదలడం కంటికొసన చూశాడు. ఎప్పట్లా ఊపుతాడనుకున్నాను. ఆయన ట్రక్కుని రోడ్డు పక్కకి తీసి, ఇంజను ఆపి, పూర్తిగా నావైపు తిరిగాడు.

"ఏమన్నావు?" అన్నాడు.